ఇరవయ్యో సంతకం

మా ఇంట్లో బీరువా పైఅర నాది. అందులో చీరలు లేవు, నగలు లేవు. పదకొండు ఫైళ్ళున్నాయి. వీధి లైటు వెలగలేదని, కాలువలో పూడిక తియ్యలేదని, మా గేటు ముందు ఎవరో ఇసక పోయించారని నేను పెట్టిన అర్జీల నకళ్ళు, వాటికి ఆఫీసుల్లో ఇచ్చిన రసీదులు. అన్నీ తేదీ ప్రకారం ఉంటాయి. మా ఆవిడ వాటిని నా రెండో సంసారం అంటుంది. అననీ.

ఏ మాటా మర్చిపోని ఈ అలవాటు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరు ఖాళీ చేసినప్పుడు నాకు పదకొండేళ్ళు. గాజువాక దగ్గర ఈ కాలనీకి వచ్చాం. ఇంకా కుళాయిలు రాలేదు. మా అమ్మ బిందె పట్టుకుని పక్క ఊరి నూతికి వెళితే అక్కడ ఒకావిడ, "మీ ఊరు పోతే మా నుయ్యి ఎండిపోవాలేటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఆ మాటన్నావిడకి ఆకుపచ్చ రాయి ముక్కుపుడక ఉండేది. ఆవిడ పోయి చాలా కాలమైంది. నేను చావుకి వెళ్ళలేదు. ఊరు పోయినవాళ్ళకి ఇచ్చిన నిర్వాసితుల కార్డు, దాని వెనక కథ వేరే ఫైలు. దాని జోలికి ఇక్కడ పోను.

అలాంటి కాలనీకి రెండేళ్ళ కిందట బర్మా నుంచి కొన్ని కుటుంబాలు వచ్చాయి. వీళ్ళ ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళినవాళ్ళు. అక్కడ గొడవలు ముదిరాక వీళ్ళు ఇళ్ళు వదిలి, సరిహద్దు దాటి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి మా వీధిలో రేకుల గదుల్లో అద్దెకి దిగారు. చేతిలో శరణార్థులని రాసిన ప్లాస్టిక్ కార్డు. నోట్లో మాత్రం మా నాయనమ్మ మాట్లాడిన తెలుగు. మొదట నాకు చిరాకు పుట్టించింది అదే. నాయనమ్మ పోయాక నేను ఎక్కడా వినని మాటల్ని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు తమ సొంతం అన్నట్టు వాడుతున్నారు.

మా ఇంటి పక్క రేకుల గదిలో దిగిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. ఆమె భర్త ఆటోనగర్‌లో, నేను ముప్ఫయ్యేళ్ళు వెల్డింగ్ చేసిన షెడ్డులోనే హెల్పరుగా చేరాడు. మనవాళ్ళ కంటే తక్కువ కూలికి ఒప్పుకున్నాడని వీధిలో గొణుగుడు. ఆమె సాయంత్రాలు కూడలిలో బజ్జీలు వేసి, వాటి మీద చింతపండు పులుసు పోసి ఇచ్చేది. అదేం తిండి అన్నవాళ్ళే ప్లేటు పట్టుకుని నిలబడేవారు. నన్ను "బాబూ" అని పిలిచేది. మా వైపు ఆ పిలుపు కామందులకి. నాకు అది నచ్చేదని ఒప్పుకుంటాను.

ప్రతి గురువారం ఒక సంస్థ వాళ్ళ వైద్యం బండి వచ్చేది. మా గేటు ముందు బాదం చెట్టు నీడలో ఆపేవారు. నర్సు, మందుల పెట్టెలు, బిపి చూసే మిషను. మా ఆవిడకి సుగరు, మడమ మీద మానని పుండు. ఒక గురువారం చెప్పులు చేత్తో పట్టుకుని ఆ వరసలో నిలబడింది. వంతు వచ్చాక నర్సు జాబితా చూసి, "మీ పేరు ఇందులో లేదమ్మా, ఇది శరణార్థుల కోసం. కొంచెం పక్కకి జరగండి, వెనక వాళ్ళు రావాలి" అంది. మర్యాదగానే అంది. నేను గేటు లోపల నిలబడి విన్నాను. మా చెట్టు నీడలో, మా గేటు ముందు, మా ఆవిడని పక్కకి జరగమన్నారు.

ఆ సాయంత్రమే అర్జీ రాశాను. ప్రజల దారికి బండి అడ్డంగా ఉందని, జనరేటరు చప్పుడని, మందుల చెత్త కాలువలో పడుతోందని. చెత్త సంగతి నేను చూడలేదు, అయినా రాశాను. సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీకి ఇరవై సంతకాలైనా లేకపోతే కట్టలో అడుక్కి పోతుందని నా నమ్మకం. ఇల్లిల్లూ తిరిగాను. ఎదురింటి బావ చదవకుండానే సంతకం పెట్టాడు.

"ఎవులి మీద బావా ఈసారి?"

"బండి మీద."

"పోన్లే, నా మీద కాదు కదా," అని పెన్ను ఇచ్చేశాడు.

పంతొమ్మిది అయ్యాయి. ఇంకొకటి కావాలి. ఆ అమ్మాయి గుమ్మంలో గిన్నెలు తోముకుంటోంది. కాగితం చాపాను. పమిటతో చెయ్యి తుడుచుకుని, "మంచికేనా బాబూ?" అంది.

"మన వీధి మంచికే," అన్నాను.

ఆమెకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అక్కడి లిపిలో గుండ్రంగా సంతకం పెట్టింది. శరణార్థే సంతకం పెట్టిందంటే అర్జీకి బరువు పెరుగుతుందని నాకు సంతోషమేసింది.

అర్జీ పని చేసింది. ఎవరో వచ్చి చూశారు, బండివాళ్ళతో మాట్లాడారు. మరుసటి గురువారం బండి రాలేదు. దాన్ని సబ్బవరం వైపు తిప్పేశారని తెలిసింది. రసీదు ఫైల్లో పెట్టుకున్నాను. మూడో గురువారం కూడా వెళ్ళాక ఆ అమ్మాయి మా అరుగు మీదకి వచ్చి కూర్చుంది. కూర్చోడానికి అవస్థ పడింది. ఆరో నెల. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు దిగబడి ఉన్నాయి.

"మీరు రాత్తే పనవుద్దంట కదా బాబూ. బండి రాట్నేదు. ఒక కాయితం రాయండి. నాకు బిపి ఉందని వారం వారం సూసీవోరు. తల తిరగతంది."

నేను తల ఊపి లోపలికి వచ్చాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎల్లు. రాసీ. నువ్వే పంపించీసిన బండి, నువ్వే తెప్పించు."

"నిన్ను పక్కకి జరగమన్నారు."

"నన్నే కదా అన్నారు, నీకేటి? నా పుండుకి కట్టు కట్టినావా, కాయితం కట్టినావా?"

చొక్కా తగిలించుకుని ఆటో మాట్లాడడానికి వెళ్ళాను.

మర్నాడు ఉదయం ఆటోలో ఆ పిల్లని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. మా ఆవిడ కూడా వచ్చింది. చీటీలు రాసే అతను ఆధార్ అడిగాడు. ప్లాస్టిక్ కార్డు ఇస్తే తిప్పి తిప్పి చూసి, ఇలాంటిది కంప్యూటర్లో ఎక్కదన్నాడు. ఎక్కనక్కర్లేదు, ముందు బిపి చూడమన్నాను. రేపు రమ్మన్నాడు. నేను కౌంటరు ముందు బల్ల మీద కూర్చుని, నిరాకరిస్తున్నట్టు కాగితం మీద రాసి ముద్ర వేసి ఇమ్మన్నాను. రాసిస్తే వెళ్ళిపోతానన్నాను. అతను రాయలేదు, నేను కదల్లేదు. గంట గడిచింది. వెనక వాళ్ళు నన్ను తిట్టారు. తిట్టిన వాళ్ళ మొహాలు గుర్తున్నాయి. చివరికి లోపలి నుంచి నర్సమ్మ వచ్చి, "ఏటి గోల?" అని విసుక్కుంటూనే ఆ పిల్ల చేతికి పట్టీ చుట్టింది. అంకె చూసి విసుగు మానేసింది. డాక్టర్ని పిలిచింది. మాత్రలు ఇచ్చి, పురుడయ్యేదాకా వారం తప్పకుండా చూపించుకోవాలన్నారు. లేకపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమన్నారు.

ప్రతివారం ఇలా ఆటో ఎక్కి వచ్చి గంటసేపు పేచీ పెట్టడం కుదరదు. బండి రావాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పేశాను. "ఆ రోజు నువ్వు సంతకం పెట్టింది బండిని పంపించెయ్యమని."

మా ఆవిడ బయటికి చూస్తోంది. ఆ అమ్మాయి మాత్రల పొట్లం చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"అక్కడ బర్మాలో కాయితం ఎట్టుకొచ్చినోడిని ఇదేటని అడగం బాబూ," అంది. "అడిగినోళ్ళు ఇంటికి రానేదు. మిమ్మల్ని అడిగినాను. మంచికే అన్నారు."

నేనైతే అక్కడితో ఆగేవాణ్ణి కాదు.

ఆదివారం అరుగు మీద కూర్చుని కొత్త అర్జీ రాశాను. బండి తిరిగి రావాలి, జాబితా తీసెయ్యాలి, శరణార్థులకీ కాలనీ వాళ్ళకీ ఒకే వరసలో చూడాలి. నా జన్మలో అంత బాగా ఏ అర్జీ రాయలేదనుకున్నాను. పెన్ను ఆమె ముందు పెట్టాను. ఆమె చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

"సదవండి."

చదివాను.

"పిన్నీ, నువ్వూ రా. బాబు సదువుతారు, నువ్వు కాయితం సూడు."

మా ఆవిడ అయిదో తరగతి చదివింది. కళ్ళజోడు పెట్టుకుని నా భుజం మీంచి వంగింది. నలభయ్యేళ్ళ కాపురంలో నా కాగితాలు ఆమె చూడడం అదే మొదలు. మళ్ళీ చదివాను.

"మూడో వరస ఇంకోపాలి."

మూడో వరసలో 'దిక్కులేని ఈ శరణార్థులు' అని రాశాను. అధికారుల మనసు కరగాలని.

"ఆ దిక్కులేని అన్నది తీసీండి," అంది. "మా ఆయన పనికెల్తన్నాడు. నాను బజ్జీలేత్తన్నాను. అద్దె కడతన్నాం."

"అలా రాస్తేనే పనవుద్దమ్మా."

"అయితే మీ పేరు పక్కన ఎట్టుకోండి, దిక్కునేనోడినని."

మా ఆవిడ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. కొట్టేశాను. కొట్టివేత ఉన్న కాగితం ఆఫీసులో ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. మొత్తం తిరగరాశాను. మూడోసారి చదివాక మొదటి సంతకం ఆమే పెట్టింది. ఎదురింటి బావకి కూడా చదివి వినిపించబోతే, "నాకెందుకు బావా ఈ శిక్ష," అని పెట్టేశాడు.

సోమవారం కలెక్టరాఫీసు కౌంటరులో అమ్మాయి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, "రెండూ మీరే ఇచ్చారేంటండీ?" అంది. నేనే ఇచ్చానన్నాను. కారణం రాయమంది. 'మొదటిది తప్పు' అని రాసి సంతకం చేశాను. ఆ నకలు కూడా ఫైల్లోనే ఉంది.

రెండు వారాలు మళ్ళీ ఆ ఆరోగ్య కేంద్రం బల్ల మీద కూర్చున్నాను. మూడో గురువారం బండి వచ్చింది. ఇప్పుడు కమ్యూనిటీ హాలు ముందు ఆపుతున్నారు, జాబితా లేదు. మా ఆవిడ మడమకి కట్టు కడుతున్నది ఆ నర్సే. పక్కకి జరగమన్న మాట నేను మర్చిపోలేదు, ఆమెతో ఇంకా మాట్లాడను.

ఆ పిల్లకి నెలలు నిండాకే కూతురు పుట్టింది. మొన్న గురువారం టీకా వేయించడానికి తెచ్చింది. నర్సు ఏదో ఫారం ముందు పెట్టి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా," అంది. ఆమె పెన్ను ముట్టుకోలేదు. వెనక కుర్చీల్లో ఉన్న నా వైపు తిరిగింది.

"బాబూ, ఇలా రండి. సదవండి."

వరసలో జనం ఉన్నారు. నర్సు గడియారం చూసుకుంటోంది. నేను లేచి వెళ్ళి, పైన అచ్చువేసిన శీర్షిక దగ్గర్నుంచి మొదలుపెట్టాను.