నాలుగు వేలిముద్రలు, ఏడో అధ్యక్షుడు: అబుదాబి నుంచి దుబాయికి ఒక శుక్రవారం

అబుదాబి నుంచి దుబాయికి వెళ్లడం ఈరోజుల్లో పక్కవీధికి వెళ్లొచ్చినంత తేలిక. ఆ దారిన వెళ్లబోయేవాళ్లు అడుగుతున్నారని రాస్తున్నాను కానీ, నేను చెప్పేది ఎనభైల మొదట్లో ఒక జూన్ నెల సంగతి. అప్పుడు నేను అబుదాబిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో టైపిస్టుని. మా ముదీర్, అంటే మేనేజరు, అమెరికావాడు. గురువారం సాయంత్రం ఆయన నా బల్ల మీద ఒక కవరు, ఒక లావుపాటి పుస్తకం పెట్టాడు. కవరులోని కాగితం నేను టైపు చేసిందే. దుబాయ్‌లోని మా కూలీల క్యాంపులో ఉన్న ముప్ఫై ఎనిమిది మంది తమ ఇష్టంతోనే పడమటి ఎడారిలోని కొత్త సైటుకు మారుతున్నారని దాని సారాంశం. అక్కడ నీళ్ల లైను ఇంకా పడలేదని, వారానికి ఒక్క ట్యాంకరే వస్తుందని కూడా నేనే టైపు చేశాను, కాకపోతే వేరే ఫైలులో.

"రేపు వెళ్లి వేలిముద్రలు తీసుకురా. నలుగురు వేస్తే చాలు, అందరూ వేసినట్టే," అన్నాడు. పుస్తకం ఆయన ఆరాధించే అమెరికా ఏడో అధ్యక్షుడి జీవితచరిత్ర. ఇరవై డాలర్ల నోటు మీద ఉండేది ఆయన బొమ్మే. "దారిలో చదువు, పని ఎలా పూర్తి చేయాలో తెలుస్తుంది," అన్నాడు. నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. కాదనే ధైర్యం లేక తల ఊపాను.

మర్నాడు తెల్లవారి ఐదున్నరకే టాక్సీ స్టాండుకు చేరాను. ఐదుగురు ఎక్కితేగానీ బండి కదలదు. మనిషికి ఇరవై ఐదు దిర్హాములు. ఆరుంపావుకి బయల్దేరాం. డ్రైవరు మస్తాన్‌ది కడప. నేను ముందు సీట్లో కూర్చుని పుస్తకం తెరిచాను. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయిన పేదపిల్లాడు, యుద్ధవీరుడు, ద్వంద్వయుద్ధంలో తగిలిన తూటాని చచ్చేదాకా ఛాతీలోనే మోసిన మొండివాడు. పదవి చేపట్టిన రోజున మామూలు జనం అధ్యక్ష భవనంలోకి విరగబడి వచ్చారట. చదువుతుంటే నాకూ ముచ్చటేసింది. ఆయన పొలాల్లో బానిసలున్నారన్న పేజీ దగ్గర ఆ ముచ్చట కాస్త తగ్గింది. ఆ తర్వాత ఒక ఆదివాసీ తెగ భూమి గురించిన అధ్యాయం వచ్చింది.

"అంత లావు బుక్కు ఎవురి గురించన్నా? ఆయప్ప మంచోడేనా?" అన్నాడు మస్తాన్.

"వేలమంది ఉన్న తెగలో కొద్దిమంది చేత సంతకాలు పెట్టించి, అందరి భూమీ రాయించుకున్నారట. మిగతావాళ్లు 'మేం ఒప్పుకోం' అని మొత్తుకున్నా వినలేదు."

"మరి సంతకం పెట్టనోళ్ల గతేందన్నా?"

"ఈయన పదవి దిగిపోయాక సైన్యాన్ని పెట్టి వాళ్లనీ దూరపు పడమటికి నడిపించారు. దారిలో చాలామంది చచ్చిపోయారు."

ఒళ్లో ఉన్న కవరు వంక చూడటానికి నాకు భయమేసింది. ఎనిమిదిన్నరకు బర్ దుబాయ్‌లో దిగి, ఐదు దిర్హాములిచ్చి పికప్ ఎక్కి క్యాంపు చేరాను.

అక్కడున్నవాళ్లంతా కరీంనగర్ వైపు వాళ్లు. వంటాయన లచ్చన్న అందరిలోకీ పెద్ద. కంపెనీ కాగితం ఏదొచ్చినా ఆయన ముందు వేలు వేస్తాడు, మిగతావాళ్లు ఆయన వెనకాల వేస్తారు. నేను కవరు చించి కాగితం బల్ల మీద పెట్టి, వాళ్లకు ఎలా చదివి వినిపించాలో తేల్చుకోలేక ముఖం కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇంకుప్యాడు బయటికొచ్చింది. కాగితం మీద నాలుగు ముద్రలు పడ్డాయి.

"చదవకుండా ఎందుకు వేశారు?" అని అరిచాను.

"నువ్వు తెచ్చినవ్ గద సార్," అని నవ్వాడు లచ్చన్న. "మనోడు తెస్తే సదువుడెందుకు?"

అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం ఆశపడ్డాను. నేను అడగలేదు, వాళ్లే వేశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటే చాలు. కానీ అందరూ నా వైపే చూస్తున్నారు. మొదటి పంక్తి నుంచి చివరిదాకా తెలుగులో చదివాను. ఆ తర్వాత కాగితంలో లేని నీళ్ల సంగతి కూడా చెప్పాను.

"గీ ఎండల నీళ్లు లేకుంట ఎట్ల బతుకుతం సార్?" అన్నారెవరో. అందరూ తలలు అడ్డంగా ఊపారు. లచ్చన్న బొటనవేలిని లుంగీకి రుద్దుతూనే ఉన్నాడు. "ఏసిన ఏలు ఎనుకకు తీస్కోరాదా?"

"తీసుకోలేం. కింద రాయొచ్చు." ఈ నలుగురూ వినకముందే వేలు వేశారని, విన్నాక ముప్ఫై ఎనిమిది మందీ ఒప్పుకోలేదని ఇంగ్లీషులో రాసి, దాని కింద నా సంతకం పెట్టాను.

"మరి నీ నౌకరి?" అన్నాడు లచ్చన్న మెల్లగా.

"ముందు అన్నం పెట్టు," అన్నాను. పప్పూ అన్నం పెట్టాడు.

శనివారం ముదీర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "పుస్తకం చదివావా?" అన్నాడు. "చదివాను సార్. సంతకం పెట్టనివాళ్ల గురించి కూడా చదివాను," అన్నాను. "ఖలాస్," అన్నాడు, అంటే నా ఉద్యోగం అయిపోయినట్టే. పదో రోజున నేను విమానాశ్రయంలో ఉన్నాను. చలికాలంలో లచ్చన్న ఎవరిచేతో ఉత్తరం రాయించాడు, నీళ్ల పైపు పడ్డాకే సైటుకు పోయామని.

ఆ అధ్యక్షుణ్ణి ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. జనం ఆయన్ని తమవాడనుకున్నారు, ఆ నమ్మకంతోనే ఎంతో చేయనిచ్చారు. క్యాంపులో ఆ నలుగురూ నన్ను అలాగే నమ్మారు. ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ కాగితం టైపు చేసిన వేళ్లు నావే అయినందుకు ఈనాటికీ సిగ్గుపడతాను. ఆ దారిన పనికి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఎవరు కాగితం చాచినా చివరి పంక్తిదాకా చదివించుకుని వినండి, ఆ తర్వాతే వేలు ముంచండి. తెచ్చినవాడు మనవాడైతే రెండోసారి కూడా చదివించుకోండి.