అమ్మను సిల్లీ అన్న సాయంత్రం

మీరెప్పుడైనా ఎవరినైనా 'సిల్లీ' అన్నారా? ఆ మాటకు అర్థం తెలిసే అన్నారా?

ఈ ఉదయం మిర్యాలగూడలో బస్సు రైస్ మిల్లుల పక్కగా వెళుతుంటే, ఉడికిన వడ్ల ఆవిరి కిటికీలోంచి వచ్చింది. కళ్లు మూసుకున్నాను. త్రిపురారంలోని మా వంటగది మెల్లగా తేలివచ్చింది. మసిబారిన గోడ, కట్టెల పొయ్యి, గూట్లో మూతలేని రేకు డబ్బా. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మలు దేవునికని ఒక గుప్పెడు అలాంటి డబ్బాలో వేసేవారు. ఆదివారం అది చర్చికి వెళ్లేది.

ఒక సాయంత్రం బియ్యం అడుగంటాయి. అయినా అమ్మ గుప్పెడు తీసింది. కోదాడలో ఇంగ్లిష్ మీడియం చదువుతూ సెలవులకు మా ఇంటికొచ్చిన మా బావ నవ్వాడు.

"నువ్వు వట్టి సిల్లీ అత్తా."

"గట్లంటే ఏందిరా?"

"తెలివి లేనిదానివని."

"లేకుంటే లేకపాయె. ఆయన ఇచ్చింది తినుకుంట ఆయనకే పెట్టొద్దా?"

అమ్మ కూడా నవ్వింది. కానీ ఆనాటి నుంచి ఎవరూ చూడకుండా, గోడవైపు తిరిగి ఆ గుప్పెడు వేసేది.

ఎన్నో ఏళ్లకు ఇంగ్లిష్ నిఘంటువులో 'సిల్లీ' చూశాను. ఆ మాటకు మొదటి అర్థం దీవెన పొందినవాడు, ధన్యుడు. తర్వాత అది అమాయకుడని, చివరికి తెలివితక్కువవాడని మారింది. ప్రభువు కొండమీది ప్రసంగంలో ధన్యులన్న దీనులనే లోకం నవ్వులపాలు చేసింది.

బస్సులోంచే బావకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. 

"అత్త ఇంట్లోనే ఉందా? బయల్దేరుతున్నా" అన్నాడు.

మీరు చూసి నవ్విన అమ్మలాంటి మనిషీ ఒకరుంటారు. రేపు అనకండి. ఈ పూటే వెళ్లి, ధన్యురాలివని ఆమె ముఖం చూసి చెప్పండి.