గుడ్డి వెన్నెలకు ఎన్ని పాయింట్లు

రిటైర్‌మెంట్‌కు ఏడు నెలల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను ఒక పాత దెయ్యం సినిమా రిస్టొరేషన్‌కు సీనియర్ కలరిస్టుగా వేశారు. హైదరాబాదులో మా సంస్థ పని పాత నెగటివ్‌లను శుభ్రం చేసి, ఫ్రేము ఫ్రేమునూ స్కాన్ చేసి, కొత్త కాపీ తయారుచేయడం. అందులో రంగూ వెలుతురూ నా వంతు. నా పైన ప్రాజెక్టు సూపర్‌వైజర్ ఉంటాడు కానీ, రంగులు సరిచేసే గ్రేడింగ్ గదిలో ఆఖరి మాట కలరిస్టుదే. సినిమా పేరు రాయను. కొల్లేరులో దోనె మీద దెయ్యం వచ్చే సినిమా అంటే చూసినవాళ్లకు చాలు.

ఫైలు మీద ఆ పేరు చూడగానే గుర్తుపట్టాను. నలభై ఏళ్ల కిందట ఆ సినిమాను పాడుచేసినవాణ్ణి నేనే.

అప్పుడు మద్రాసులో ఒక ఫిల్మ్ ల్యాబ్‌లో అసిస్టెంట్ గ్రేడర్‌ని. నెగటివ్ నుంచి ప్రింటు తీసే యంత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు ఒక్కొక్కటి ఎంత వెలగాలో షాటు షాటుకూ నిర్ణయించేవాడే గ్రేడర్. దానికి పాయింట్ల లెక్క ఉంటుంది. మామూలు షాటుకు మూడూ ఇరవై అయిదు దగ్గర పెడతాం. పాయింట్లు పెంచితే ప్రింటు ముదురుతుంది, తగ్గిస్తే తేలిపోతుంది. ఆ రోజుల్లో రాత్రి సన్నివేశాలను చాలామంది పగలే తీసేవారు. కొల్లేరు మధ్యలో రాత్రిపూట లైట్లు నిలబెట్టడం ఎవరి తరం? పగలు తీసినదాన్ని రాత్రి చేయవలసింది ల్యాబ్‌లో. అందుకు కెమెరామన్ రీలు డబ్బాలో ఒక చీటీ పెడతాడు.

ఆరో రీలు చీటీలో "గుడ్డి వెన్నెల" అని తెలుగులో రాసి ఉంది. మా సీనియర్ గ్రేడర్ తమిళుడు. నువ్వు తెలుగువాడివే కదా, ఇదేమిటో చూడు అని నా చేతిలో పెట్టాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతామన్న మాటేగానీ, నేను పుట్టి పెరిగింది మద్రాసు వీధి దీపాల కింద. గుడ్డి దీపం అన్నట్టే మసక వెన్నెలను గుడ్డి వెన్నెల అంటారని నాకేం తెలుసు? నెగటివ్‌లో చీర కట్టుకున్న ఒక అమ్మాయి చేతులు ముందుకు చాచి దోనెలో నిలబడి ఉంది. వెన్నెల ఆ అమ్మాయి పేరనీ, పాపం గుడ్డిదనీ ఎంతో ధీమాగా చెప్పాను. అయితే మామూలు పగటి షాట్లే, నువ్వే చేసెయ్ అన్నాడు సీనియర్. మూడు దీపాలూ ఇరవై అయిదు పెట్టి రీలంతా తీసేశాను.

కెమెరామన్ ఖాసిం గారు ఏలూరు మనిషి. మొదటి కాపీని ఆయన దగ్గరుండి చూసుకోవలసింది. పచ్చకామెర్లతో ఇంట్లో మంచం పట్టారు. విడుదల తొందరలో నిర్మాత కూడా చూడకుండానే ప్రింట్లు పంపించేశాడు. ఏలూరులో మొదటి ఆటకే, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఎర్రచీర కట్టుకుని పెళ్లికూతురులా దెయ్యం దోనె మీద వస్తుంటే హాలంతా పడీపడీ నవ్విందట. నిర్మాత ల్యాబ్‌ను నిలదీస్తే, నెగటివ్‌లోనే వెలుతురు ఎక్కువగా ఉందని మావాళ్లు చెప్పి తప్పించుకున్నారు. గుడ్డి వెన్నెల అంటే ఏమిటో ఆ గొడవలోనే నాకు తెలిసింది. అయినా నోరు మెదపలేదు. కొత్త ఉద్యోగం, భయం. ఖాసిం గారికి "పట్టపగలు ఖాసిం" అని పేరు పడింది. ఆయనకు రెండో సినిమా రాలేదు. తాడేపల్లిగూడెంలో ఫోటో స్టూడియో పెట్టుకున్నారని విన్నాను.

చిత్రమేమిటంటే, ఆ సినిమా ఇన్నాళ్లు బతికింది కూడా ఆ తప్పు వల్లే. రంగు వెలిసి గులాబీ రంగుకు తిరిగిన ఒక ప్రింటు నుంచి ఎవరో వీడియో కాపీ తీశారు. అది చేతులు మారి, కుర్రకారు గుంపుగా కూర్చుని నవ్వుకుంటూ చూసే సినిమా అయింది. ఎండలో వచ్చే దెయ్యానికి అభిమానులు పుట్టుకొచ్చారు. హక్కులు ఇప్పుడు నిర్మాత మనవరాలు లావణ్యవి. గణపవరం దగ్గర చేపల చెరువులు చూసుకుంటూనే తాతగారి సినిమాను బాగుచేయించాలని మా సంస్థకు అప్పగించిన అమ్మాయి. మొదటి మీటింగులోనే తన ఉద్దేశం చెప్పేసింది.

"సర్, ఈ సినిమాకి ఉన్న పేరే పట్టపగలు దెయ్యమండి. చీకటి చేసేస్తే ఎవరు చూస్తారండీ?"

తీసిన కెమెరామన్‌ను అడగకుండా ఏదీ తేల్చకూడదని మాత్రం అన్నాను. ఆయన ఉన్నారో లేదో మా ఇద్దరికీ తెలియదు. తాడేపల్లిగూడెంలో ఒక ఫోటో స్టూడియో వాళ్లను వాకబు చేస్తే అడ్రసు దొరికింది.

ఈలోగా నెగటివ్ పని మొదలైంది. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన, అంచుల వెంట బూజు మచ్చలు. దుమ్మును తనంతట తానే తుడిచే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది కొల్లేరు మీద దూరంగా ఎగిరే కొంగలన్నిటినీ దుమ్ము కింద జమకట్టి తుడిచేసింది. వాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తేవడానికి మావాళ్లకు రెండు రోజులు పట్టింది. బొమ్మలో కనిపించే సన్న గరుకుదనం తీసేసి నున్నగా చేద్దామన్నాడు సూపర్‌వైజర్. ఒప్పుకోలేదు. ఫిల్ముకు గరుకు సహజం, అది తీసేస్తే మనుషుల మొహాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి.

ఆగస్టులో తాడేపల్లిగూడెం వెళ్లాను. ఖాసిం గారికి ఎనభై దాటింది, కంటి ఆపరేషన్లు రెండూ అయ్యాయి, చూపు నాకంటే బాగుంది. ఆయన భార్య హబీబా గారు టీ ఇచ్చి అక్కడే కూర్చున్నారు. ల్యాప్‌టాప్ తెరవకముందే చీటీ సంగతి, నేను చెప్పిన అర్థం, తరవాత నేను నోరు మూసుకున్న వైనం, అన్నీ చెప్పేశాను. ఆయన కంటే ముందు హబీబా గారే అన్నారు.

"ఇది చెప్పడానికి నలభై ఏళ్లు పట్టిందాండీ?"

మెత్తగానే అన్నారు. తగలవలసిన చోటే తగిలింది. ఖాసిం గారు అడిగింది మాత్రం వేరు.

"ఎన్ని పాయింట్లు పెట్టారండీ?"

ఇరవై అయిదని చెప్పాను.

"ముప్పై ఎనిమిది పెడతారనుకుని తీశానండి నేను. నెగటివ్‌లో సరుకు ఉంచాలి, చీకటి ప్రింటులో రావాలి అని నా లెక్క." టీ గ్లాసు కింద పెట్టారు. "నా లైటు మీటరే తప్పు చూపించిందేమో, నేనే సరిగ్గా చూసుకోలేదేమో అనుకున్నానండి ఇన్నాళ్లూ. స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటో తీసినా రెండుసార్లు చూసుకునేవాణ్ణి." అప్పుడు భార్య వైపు తిరిగి, "విన్నావా, తప్పు నాది కాదట," అన్నారు.

ఆయన గొంతులో సంతోషం విని సిగ్గుతో నా తల వాలిపోయింది. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లినవాణ్ణి. సినిమాలు పోయినందుకు కాదు, తన చేతి మీద తనకు నమ్మకం పోయినందుకు ఆయన ఇన్నేళ్లూ బాధపడ్డారని అప్పుడే తెలిసింది.

ఇంతకీ గుడ్డి వెన్నెల ఎప్పుడైనా చూశారా అని అడిగారు. లేదన్నాను. "మరెలా చేస్తారండీ?" అని నవ్వారు. మూడు రోజుల తరవాత, శుద్ధ సప్తమి నాటి సాయంత్రం, లావణ్య కారులో ముగ్గురం కొల్లేరు గట్టుకు వెళ్లాం. అప్పటి షూటింగు చోటంతా ఇప్పుడు చేపల చెరువులే. కిక్కిస గడ్డి మిగిలిన ఒక మూల చూసి ఆగాం. ఆయన సంచిలోంచి ఎర్ర తువ్వాలు తీసి గట్టు మీద పరిచారు. పొద్దు కుంకి, సగం చంద్రుడి వెలుగు మాత్రమే మిగిలేసరికి తువ్వాలు నల్లబడిపోయింది. కిక్కిస మాత్రం ఇంకా కంటికి ఆనుతూనే ఉంది. చంద్రుడి కింద నీళ్లు ఆకాశం కంటే తేటగా ఉన్నాయి.

"సినిమావాళ్లు వెన్నెలంటే నీలం పోస్తారండి. ఎక్కడుందండీ నీలం?" అన్నారు. "దెయ్యానికి ఎర్రచీర కట్టించింది ఇందుకేనండి. చీర చచ్చిపోవాలి, మొహం మిగలాలి."

నలభై ఏళ్ల వృత్తిలో వెన్నెల గురించి నాకు ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు. నా వల్ల నష్టపోయిన మనిషి దగ్గర, ఆయన ఊళ్లో, ఆయన తువ్వాలు చూసి నేర్చుకున్నాను. ఆ రుణం తీరేది కాదు.

ఆరో రీలు గ్రేడింగుకు వారం తీసుకున్నాను. నీలం దాదాపు తీసేశాను, ఎరుపును ఒక్కదాన్నే పట్టి నలుపులోకి దించాను, నీళ్ల మీద కొద్దిగా వెలుగు వదిలాను. ఖాసిం గారు హబీబా గారితో రైల్లో హైదరాబాదు వచ్చి గ్రేడింగ్ గదిలో కూర్చున్నారు. రీలు ఒకసారి పూర్తిగా చూసి, పెదవి విరిచారు.

"ముదిరిపోయిందండి. ఇందులో వెన్నెల కంటే మీ బాధ ఎక్కువుంది. తగ్గించండి."

నిజమే. పాత తప్పు దిద్దాలన్న తొందరలో చీకటి వైపు మరీ మొగ్గాను. కొంచెం కొంచెంగా వెలుతురు పెంచుతూ పోయాను. ఒకచోట ఆయన చెయ్యెత్తారు, అక్కడ ఆపాను.

నవంబరులో ఏలూరులో ఒక థియేటర్‌ను ఉదయం పూట తీసుకుని, ఒక ముప్పై మంది అభిమానులకు సినిమా వేశాం. ఖాసిం గారు, హబీబా గారు మా ముందు వరసలో, లావణ్య నా పక్కన కూర్చున్నారు. ఇది జనానికి ఎక్కకపోతే పగటి కాపీయే విడుదల చేస్తానని ముందే చెప్పింది, అది ఆమె హక్కు. ఆరో రీలు వచ్చింది. దోనె కనిపించింది, అందులో ఎవరూ ఉన్నట్టు లేదు. దగ్గరికొచ్చేకొద్దీ నీళ్లకు నిలువెత్తున ఒక మొహం, రెండు చేతులు. హాల్లో ఎవరూ నవ్వలేదు. లావణ్య కాళ్లు రెండూ సీటు మీదికి తీసుకుని ముడుచుకుని కూర్చుంది.

బయటికొచ్చాక, "ఇదే ఉంచండి సర్," అంది. అభిమానులు అడుగుతారు కాబట్టి పగటి కాపీని కూడా విడిగా అందుబాటులో పెడతానని, ఖాసిం గారికి అభ్యంతరమా అని అడిగింది.

"నాకేం అభ్యంతరమండీ, నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు," అన్నారాయన. నా వైపు చూపించి, "అందులో మాత్రం కెమెరా అన్నచోట ఈయన పేరు వేయించండి," అన్నారు. అందరికంటే ముందు నవ్వింది హబీబా గారు.

ఆ సరదా మాటే నాకు మిగిలిన పాఠం. తెర మీద తప్పు చేసినవాడి పేరు పడదు. ల్యాబ్‌లో ఎవరు ఏం చేసినా, కెమెరా అన్నచోట ఉన్న పేరే దాన్ని మోస్తుంది. అందుకని ఈ వృత్తిలో ఉన్నవాడు తన తప్పు తెలిసిన రోజునే సంబంధించిన మనిషికి చెప్పాలి. నేను నలభై ఏళ్లు ఆలస్యంగా చెప్పాను. అది పనికొచ్చిందంటే నా మంచితనం వల్ల కాదు, ఆయన ఇంకా బతికి ఉండబట్టి.