రెండో ముక్క చెప్పిన ఆంటీ

మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పోయిన సంగతి నాకు నోయిడా ఆఫీసులో, మీటింగ్ మధ్యలో తెలిసింది. ‘ప్రభువునందు నిద్రించారు’ అని మా తెలుగు సహవాసం గ్రూపులో పాస్టరుగారు పెట్టారు. కింద వరసగా దండం పెట్టే చేతులు. వాటిలో వేటిని నమ్మాలో నాకు తెలియలేదు. రెండేళ్ళుగా ఆమెకు మైకు ఇవ్వనివాళ్ళవే అందులో ఎక్కువ.

ఘాజియాబాద్‌లో ఒక ఇంటి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగువాళ్ళం కూడుతాం. నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది ఆంటీయే. నేను అద్దెకు దిగిన వారంలోనే వచ్చి, ఊరు అడిగి, “అచ్ఛా, తెనాలా? బైబిల్ బయటికి తీశావా, అమ్మ సర్దిన చోటే ఉందా?” అన్నారు. సూట్‌కేసు అడుగునే ఉంది.

దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆమెదే పెద్ద పేరు. గుండెకు ఆపరేషన్ తప్పదన్నారట. సహవాసమంతా ఉపవాస ప్రార్థన చేసిందట. తర్వాత రిపోర్టు చూసి డాక్టర్లే అక్కర్లేదన్నారట. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా పాస్టరుగారు ఆమెను లేపి ఆ కథ చెప్పించేవారు. తల్లులు ఆమె చేత పిల్లల తలమీద చెయ్యి పెట్టించుకునేవారు.

నాకు మొదటినుంచీ ఆ ‘అట’ల మీద అనుమానం. పైగా నేను ప్రార్థనలో కళ్ళు మూసుకోను. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మనుషులు ఎలా ఉంటారో చూడాలనిపిస్తుంది. అలా ఒక ఆదివారం ముగింపు ప్రార్థనలో, ఆంటీ కొంగు చాటున ఒక మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు లేకుండా మింగడం చూశాను. మరుసటి వారమూ అంతే.

దొరికిపోయారనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది. ఎందుకంటే తెనాలిలో మా అమ్మ ఆ కూడికను ఫోన్‌లో లైవ్‌గా చూసేది. ఆంటీ సాక్ష్యం విని, తనకూ విశ్వాసం కుదిరిందని బీపీ మాత్రలు మానేసింది. నెల తిరక్కుండా వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. తలకు కుట్లు వేశారు.

ఆ రోజు నేను ఆంటీ తలుపు కొట్టిన తీరు మర్యాదగా లేదు. మీరు మాత్రలు మింగడం చూశానన్నాను, అమ్మ సంగతి చెప్పాను. ఆవిడ స్టవ్ కట్టేసి కుర్చీలో కూలబడ్డారు.

“ఆపరేషన్ తప్పింది నిజమే తల్లీ. మందులు తప్పలేదు. ఆ రెండో ముక్క వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు.”

మళ్ళీ తనే అన్నారు: “అద్భుతం చూసి వచ్చినవాళ్ళకి వారం వారం ఒకటి వండి పెట్టాలమ్మా. ఆ వంటలో నేనూ చెయ్యేశాను.”

మరి మీరేం చూసి నమ్మారని అడిగాను. వెటకారంగానే.

“ఏమీ చూళ్ళేదు. ఆసుపత్రి మంచం మీద వణికిపోయాను. ఆ భయంలో ఒక్కదాన్నే లేననిపించింది. దానికి రిపోర్టు రాదు.”

అప్పుడు అదీ పూర్తిగా నమ్మలేదు నేను. కానీ ఆ ఆదివారం ఆమె ఎవరూ పిలవకుండానే లేచారు. రెండు ముక్కలూ చెప్పారు. ఆపైన లైవ్ తీస్తున్న ఫోన్ వైపు తిరిగి, “తెనాలిలో వింటున్న చెల్లెమ్మా, ముందు నీ మాత్ర వేసుకో” అన్నారు. అమ్మ ఆ సాయంత్రమే మొదలుపెట్టింది.

హాల్లో మాత్రం ఎవరూ ఆమెన్ అనలేదు. విశ్వాసంలో జారిపోయిందన్నారు. పిల్లల తలలు ఆమె చేతి కిందికి రావడం మానేశాయి. ఇక ఆమె కూడా రావడం మానేస్తారని ఎదురుచూశాను. ఆమె ఇంకా ముందే వచ్చి దుప్పట్లు పరిచేవారు. ఇంటి నుంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి కిటికీలో పెట్టుకుని, ముగింపు ప్రార్థనకు ముందు అందరి ఎదుటా నీళ్ళు పోసుకుని మాత్ర వేసుకునేవారు. చూపించడానికి అద్భుతం లేకపోయినా, మెచ్చుకునేవాళ్ళు లేకపోయినా వస్తూనే ఉన్న మనిషిని అనుమానించడానికి నాకు దారి దొరకలేదు. చాలా వెతికాను.

మొన్న అదే హాల్లో ఆమె జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు మొదటి ముక్కే చెప్పారు. నా పక్కావిడ చెవిలో, “ఆ రోజు అలా నోరు జారకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేదేమో” అంది. లేచి రెండో ముక్క చెబుదామనుకున్నాను. ఈలోగా అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు. పక్కావిడ మెల్లగా చేతిసంచీ తెరిచి మాత్ర తీసింది. అటూ ఇటూ చూసి, కిటికీలో ఇంకా అలాగే ఉన్న ఆంటీ గ్లాసు అందుకుని నీళ్ళు పోసుకుంది. తాగుతూ నన్ను చూసింది. ఇద్దరం కళ్ళు దించుకోలేదు. తర్వాత కొంగుతో గ్లాసు అంచు తుడిచి, ఆంటీ పెట్టుకునే చోటే బోర్లించింది.