పదిహేను యెన్ల ఓటు

2021లో అల్ కుసైస్‌లో మా గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఏడుగురం మెస్సుకు డబ్బులు కట్టేవాళ్లం. ఎనిమిదో ఆయన జగిత్యాల వైపు మనిషి, యాభై ఐదు దాటినవాడు. అందరం కాకా అనేవాళ్లం. మాల్‌లో క్లీనింగ్ డ్యూటీ చేసి వచ్చి మా అందరికీ వండేవాడు. దుబాయ్‌లో బ్యాచిలర్ గదుల పద్ధతే అది: వండేవాడు మెస్సుకు కట్టక్కర్లేదు. ఆ తిండి కలిసిరాబట్టే ఆయన జీతంలో ఇంటికి పంపడానికి కొంత మిగిలేది.

నేను గోడౌన్‌లో స్టోర్‌కీపర్ని. పదో తరగతి దాటలేదు. భిన్నాలూ శాతాలూ బడి మానేశాక పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. ఏ అంకె కనిపించినా దాన్ని విడగొట్టి చూడందే ఊరుకోలేను. అందుకే గదిలో నన్ను లెక్కలన్న అనేవారు.

ఆ ఏడు నాకు షుగరు బయటపడింది. రాత్రిళ్లు అన్నం మానేసి చపాతీ తినమన్నాడు డాక్టరు. కాకా రెండు పూటలా అన్నమే వండేవాడు. డ్యూటీ చేసి అలిసొచ్చినవాణ్ని నాకోసం వేరే పిండి కలపమని ఎలా అడగను అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నాకు జబ్బుందని గదిలో తెలియడం ఇష్టం లేదు. వంట మాన్పించి బయటి నుంచి క్యారియర్లు తెప్పించుకుంటే ఎవరికి కావలసింది వాళ్లు చెప్పుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగరు.

ముగ్గురు నాతో కలిశారు, కాకా కూరల్లో పులుపు ఎక్కువని. మిగతా ముగ్గురికీ కాకా వంటే కావాలి. కాకాను కలిపితే నాలుగుకు నాలుగు. మా గదిలో ఏ విషయమైనా సమానంగా చీలితే పాత పద్ధతే సాగుతుంది.

ఆ వారమే ఫోన్‌లో జపాన్ మొదటి పార్లమెంటు ఎన్నికల గురించి చదివాను. 1890 నాటి మాట. పాతికేళ్లు నిండిన మగవాడై, ఏడాదికి పదిహేను యెన్లకు తగ్గకుండా పన్ను కట్టినవాడికే ఓటు. జనాభాలో సుమారు నూటికి ఒక్కరు. చీటీ మీద ఓటరు తన పేరు కూడా రాసి ముద్ర వేయాలి. నూటికి ఒక్కరన్న అంకె దగ్గర చాలాసేపు ఆగాను. మిగతా తొంభై తొమ్మిది మంది వైపు నా బుద్ధి పోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, కాకా వండిన చేపల పులుసు తిన్నాక, ఆ కథంతా చెప్పాను.

"కట్టేవాళ్లే ఓటెయ్యాలి. అదే న్యాయం" అన్నాను.

"అదేంటన్నయ్యా?" అన్నాడు కాకా వైపున్న భీమవరం అతను. "ఇంకా చెయ్యి కూడా కడుక్కోలేదు మీరు. ఆయన చేతి కూడు తిని ఆయనకే ఓటు లేదంటారా?"

"నా మాట కాదు. జపాన్ అంత దేశమే అలా చేసింది."

"మరి ఆ జపానోళ్లకు వంటెవరు చేసిన్రు తమ్మీ?" అన్నాడు కాకా, గిన్నెలు ఎత్తుతూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "కానియ్యుండ్రి, యల్లా. ఊర్ల ఓట్లప్పుడు నేనెన్నడున్న గనుక? ఈడ లేకపోతేంది?"

నావైపున్న ముగ్గురిలో ఒకడు మెత్తబడేలా ఉన్నాడని నాకు ముందే అనుమానం. అందుకే పేర్లు రాయాలన్న నిబంధన కూడా పెట్టాను. ముద్రలకు బదులు వేలిముద్రలన్నాను. స్టాంపు ప్యాడ్ ముందురోజే గోడౌన్ నుంచి తెచ్చి ఉంచుకున్నాను.

ఏడు చీటీలు, ఏడు వేలిముద్రలు. నాలుగు, మూడు.

కాకా వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చాడు. "ఏళ్లు తుడుసుకోండ్రి, దుప్పట్లకంటుతది" అని ముందు నాకే ఇచ్చాడు. తుడుచుకున్నాను.

తర్వాతి నెల నుంచి క్యారియర్లు వచ్చాయి. నా చపాతీలు నాకు వచ్చాయి. క్యారియర్‌కు కట్టలేక కాకా తన మంచం మీద గోడవైపు తిరిగి, ఖుబూస్ రొట్టె మజ్జిగలో ముంచుకుని తినేవాడు. భీమవరం అతను కూర ఇవ్వబోతే, "వద్దు బిడ్డా, కడుపు నిండింది" అనేవాడు. పూటకు రెండు ఖుబూసులు. మూడోది తీసుకోగా ఒక్కనాడూ చూడలేదు. లెక్కపెట్టడం మాత్రం మానలేకపోయాను.

మూడో నెలలో బర్ దుబాయ్‌లో ఏదో గదికి వంటమనిషి కావాలంటే వెళ్లిపోయాడు. ఆయన సంచి మెట్రో దాకా నేను మోశాను. అంతవరకైనా చేద్దామనిపించింది.

స్టేషన్ దగ్గర ఆగి, "షుగరా తమ్మీ?" అని అడిగాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలె? మూడు నెలల సంది రాత్రిపూట నీ డబ్బాల అన్నం మెతుకు లేదు. గా ఓట్లకు ముందునుంచే ఉన్నదా?"

తలూపాను.

"నాకొక్క మాట చెప్తే నాలుగు రొట్టెలు కాల్చకపోదునా?"

ఏదో ఒకటి అనాలి కదా. "కట్టేవాళ్లే ఓటెయ్యడం పద్ధతిగా ఉంటుందనుకున్నాను కాకా" అన్నాను.

"మంచిదే. నీ లెక్కెన్నడు తప్పదు" అన్నాడు. మాస్కు వల్ల, నవ్వుతూ అన్నాడో లేదో తెలియలేదు.

లెక్క తప్పలేదు. నాలుగుకు నాలుగని నాకు ముందే తెలుసు. అందులోంచి ఒకటి తీసెయ్యడానికే నేను జపాన్ దాకా వెళ్లానని ఆయనకు చెప్పలేదు. సంచి అందించి వెనక్కి వచ్చాను.