మర్యాద తప్పని విలన్

ఆ రోజుల్లో టీవీలో పని అంటే స్వర్గానికి సగం దూరం వెళ్లినట్టే. నేను టీవీలో కనిపించను కూడా. కెమెరా ముందు క్లాప్ కొట్టే ఉద్యోగం. అయినా పెద్దాపురంలో నా నడకే మారిపోయింది (చెప్పులు కూడా కొత్తవి లెండి). మేం తీస్తున్నది పౌరహక్కుల పోరాటం మీద టెలీఫిలిం. వెనకటికి కొన్ని కులాలవాళ్లను టీ హోటల్ గడప తొక్కనిచ్చేవారు కాదు; బయట నిలబెట్టి, విడిగా ఉంచిన గ్లాసుల్లో పోసేవారు. ఆ అన్యాయాన్ని నిలదీస్తూ ఊరేగింపుగా వచ్చినవాళ్లను హోటల్ యజమాని కసిరి గెంటెయ్యాలి. అదీ సీను. ఆ వేషానికి మనిషి దొరక్కపోతే నేనే ఎగేసుకుని ముందుకెళ్లి, "మా మావయ్య ఉన్నాడండి. నిజంగానే టీ హోటల్ నడుపుతున్నాడు. నాది పూచీ" అన్నాను.

మావయ్య ఇంట్లో అద్దం ముందు బ్రహ్మాండంగా గర్జించాడు. తీరా షూటింగు నాడు, మిట్టమధ్యాహ్నం నినాదాలిస్తూ ఊరేగింపు ఆయన హోటల్ మెట్లెక్కింది. మావయ్య కళ్లెర్రజేసి, నోరు తెరిచి, "రండి రండి! ఎండన పడొచ్చారు. కూర్చోండి, మంచినీళ్లు తాగండి" అన్నాడు. డైరెక్టరుగారు "కట్!" అని అరిచారు. మళ్లీ తీస్తే ఈసారి బల్ల తుడిచి, "ఉప్మా వేడిగా ఉందండి" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక గుమ్మంలోకొచ్చినవాళ్లని పొమ్మన్న నోరు కాదది. "ఏం చెయ్యనే అమ్మడూ, మొహాలు చూస్తే రావట్లేదు" అని బిక్కమొహం వేశాడు. డైరెక్టరుగారు నాకేసి తిరిగి, "ఈ సీను అవకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదమ్మాయ్" అన్నారు. నా గుండె కొత్త చెప్పుల్లోకి జారింది.

అప్పుడు ఊరేగింపులో ముందు నడుస్తున్న తాతగారు కల్పించుకున్నారు. ఆయనది ఉత్త వేషం కాదు. కుర్రతనంలో నిజంగానే ఇలాంటి గుమ్మం ముందు గెంటించుకుని, మళ్లీ మళ్లీ వెళ్లి, చివరికి లోపల కూర్చుని టీ తాగిన మనిషి. మావయ్య భుజం మీద చెయ్యేసి, "అబ్బాయ్, నన్ను గెంటినవాడు ఉప్మా పెట్టలేదయ్యా. నువ్వింత మర్యాద చేస్తే మేం పోరాడేది ఎవరితో? ఆ రోజులెలా ఉండేవో ఈ పిల్లలకి తెలియొద్దూ? గట్టిగా తిట్టు. మర్యాద తర్వాత చేద్దువుగాని" అన్నారు.

మావయ్య కళ్లు గట్టిగా మూసుకుని తెరిచాడు. ఆ తర్వాత వేసిన కేకకి వీధిలో కుక్క కూడా పరుగందుకుంది. డైరెక్టరుగారు "ఓకే!" అనీ అనకముందే మావయ్య తాతగారి చేతులు పట్టుకుని బావురుమన్నాడు. కుర్చీ లాగి లోపల కూర్చోబెట్టి, తను రోజూ తాగే గ్లాసు కడిగి అందులోనే టీ ఇచ్చాడు. తాతగారు ఓ గుక్క తాగి, మొహం చిట్లించి, "పంచదార తక్కువైందయ్యా. మళ్లీ ఊరేగింపు తియ్యమంటావా?" అన్నారు. హోటలంతా గొల్లున నవ్వింది.

నా ఉద్యోగం నిలబడింది. టీవీలో వచ్చిన రోజున మావయ్య కేక వినగానే మా అత్త, "వీడి నోరు పడిపోనూ, ఏం మనిషండీ!" అని తెరకేసి మెటికలు విరిచింది, పక్కనే కూర్చున్న మొగుణ్ణి మర్చిపోయి.

మావయ్యా, తాతగారూ ఇప్పుడు లేరు. నాకేమో డాక్టరు పంచదార మానమన్నాడు. చప్పటి టీ చేతికొచ్చినప్పుడల్లా వంటింటి గుమ్మంలో నిలబడి, పిడికిలెత్తి, "పంచదార తక్కువైంది!" అని నినాదమిస్తాను. మా వారు కసరబోతారు గానీ, ఆయనదీ ఎవర్నీ పొమ్మనలేని గోదావరి నోరే కదా. "రా, కూర్చో. మంచినీళ్లు తాగు" అంటారు.