నా కబ్జలనే ఉంది

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. నా వృత్తి అలాంటిది. సాక్ష్యం లేనిదే ఎదురుగా ఉన్న మనిషి మాటే నమ్మం, కనపడనివాళ్ల మాట ఎక్కడ నమ్ముతాం? అయినా ఇది రాస్తున్నానంటే, ఇన్నేళ్లుగా దీనికి జవాబు దొరక్క.

తొంభైల చివర్లో మాట. భీమవరం నుంచి వచ్చి హైదరాబాద్‌లో సుగుణ మేడం దగ్గర జూనియర్ లాయర్‌గా చేరాను. ఇళ్ల స్థలాల కేసులంటే ఆవిడే. హైటెక్ సిటీ భవనం లేచాక మాదాపూర్, కొండాపూర్ బండల మధ్య కూడా ముగ్గు పోసి ప్లాట్లు గీసేస్తున్న రోజులవి. ఆవిడ సంతకం పడితే చాలు, కళ్లు మూసుకుని కొనేవారు జనం.

ఆవిడకో అలవాటుండేది. కాగితాలన్నీ చూశాక కూడా వెంటనే సంతకం పెట్టదు. స్థలం మధ్యకి వెళ్లి నిలబడి, కోర్టులో అటెండర్ పేరు పిలిచినట్టు గట్టిగా మూడుసార్లు కేకేస్తుంది. "ఈ జాగ నాది అనేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని. ఆ కేక విని పశువులు కాసేవాళ్లో, దగ్గర్లో గుడిసెలవాళ్లో వచ్చి ఆ నేల గురించి నాలుగు ముక్కలు చెప్పేవారు. సాటి లాయర్లు మాత్రం సుగుణమ్మ బండరాళ్లకి సమన్లిస్తోందని ఎగతాళి చేసేవారు. చేస్తే చేశారు! ఆవిడ సరేనన్న ఏ స్థలం మీదా తర్వాత గొడవ రాగా నేను చూడలేదు. ఆవిడ జూనియర్నని చెప్పుకోవడానికి ఎంత గర్వంగా ఉండేదో.

ఆ వేసవిలో మా అక్కా బావగారూ కొండాపూర్‌లో ఒక స్థలం చూసుకున్నారు. పెళ్లైన దగ్గర్నుంచీ అద్దె కొంపలే. నీళ్ల దగ్గరా, గోడకి మేకు కొట్టే దగ్గరా ఓనర్లతో మాటలు పడీ పడీ అక్క విసిగిపోయింది. "ఒక్క మేకైనా నా సొంత గోడకి కొట్టుకోవాలే" అనేది. కాగితాల్లో వంక పెట్టడానికేం లేదు. మేడం ఊ అంటే ఆ వారమే రిజిస్ట్రేషన్.

మంగళవారం మధ్యాహ్నం అందరం వెళ్లాం. ఎండ మాడు పగలగొడుతోంది. అప్పుడే చదును చేసిన ఎర్రనేల, ఓ పక్కన నాలుగు బండలు. మేడం కొంగు బిగించి కేకేసింది. మళ్లీ వేసింది. మూడో కేక అయ్యాక జవాబొచ్చింది.

"ఉన్నా. నా కబ్జలనే ఉంది."

ముసలి ఆడగొంతు. వంటింట్లోంచి పలికినంత మామూలుగా ఉంది.

నాకు కబ్జా అంటే ఆక్రమణే. పేపర్లో రోజూ చదివేది అదే కదా. "మేడం, ఎవరో కబ్జా చేశారటండి! పోలీసులకి చెబుదాం" అని కంగారు పడిపోయాను.

"జర ఆగు పిల్లా. కబ్జ చేసినోళ్లు కబ్జ అని చెప్పుకుంటరా? గది పాత మాట. తన చేతిల ఉన్నదని చెప్తున్నది" అంది మేడం. ఆవిడ ముఖంలోనూ రంగు లేదు.

బండల వెనకాలంతా తిరిగాను. పిట్ట కూడా లేదు. నా పక్కనే నిలబడ్డ అక్కకీ బావగారికీ ఏమీ వినపడలేదట. మేడం ఫైలు మూసేసింది. అక్క ఒకటే ఏడుపు. "లేని మనిషి మాట పట్టుకుని నా ఇంటికి అడ్డం పడతారా? ఇదేం లాయరమ్మే!"

మేడం ఊరుకోలేదు. చుట్టుపక్కల అడగ్గా అడగ్గా ఒకావిడ చెప్పింది. "మల్లవ్వ ఇల్లుండె గాడ. పడి దెబ్బ తాకితె దవాఖానల ఏసిండ్రు. ఆమె లేంది చూసి డోజర్ పెట్టి సాఫ్ చేసిండ్రు."

మర్నాడు గవర్నమెంటు దవాఖానకి వెళ్లాం. రానంటూనే అక్కా వచ్చింది. మల్లవ్వ కళ్లు మూసుకుని మంచం మీద ఉంది. మేమెవరమో, ఎందుకొచ్చామో ఇంకా చెప్పనేలేదు. ముందు నేనే అడిగాను, ఎలా ఉంది అని.

"పడ్డ కాడి సంది నోట్ల మాట లేదమ్మా" అంది ఆమె కూతురు. "నిన్న మంగళారం పగటిపూట ఒక్కపారి ఉన్నా, నా కబ్జలనే ఉందని ఒర్రింది. పానం మీదికొచ్చిందని పరేషానైనం. ఇగ మళ్ల మాట్లాడలే."

మల్లవ్వ గుప్పిట్లో ఒక తాళంచెవి ఉంది. ఎంత విడదీయబోయినా వదలడం లేదట. లేని ఇంటి తాళంచెవి అది. అక్క దానివైపే చూస్తూ చాలాసేపు నిలబడింది. "నాకొద్దే ఆ స్థలం" అని మెల్లిగా అంది.

మల్లవ్వ తరఫున మేడమే కేసు వేసింది. ఇల్లు కూల్చి స్థలం అమ్మజూపిన అవతలివాళ్లు పెద్దవాళ్లు. బెదిరించారు, బతిమాలారు, ఆవిడ మీద లేనిపోనివన్నీ పుట్టించారు. మేడం బెదిరితేగా! మల్లవ్వ కోలుకుని కర్ర పట్టుకుని కోర్టుకి వచ్చింది. అటెండర్ ఆమె పేరు పిలిచాడు.

"ఉన్నా" అంది మల్లవ్వ.

అదే గొంతు. ఏ కోర్టులో ప్రమాణం చేయమన్నా చేస్తాను.

ఆలస్యమైనా, ఏళ్లుగా ఆమె అక్కడే కాపురమున్నట్టు రుజువై ఆ జాగ ఆమెదేనని తీర్పొచ్చింది. మెట్లు దిగుతుంటే మేడం అడిగింది, "నా పిలుపు నీకెట్ల ఇనపడ్డదవ్వా?" అని.

"ఏమో బిడ్డా. ఎవరో పిలిచిండ్రు. ఇంట్ల ఉండి పలకకుంటే ఎట్ల?" అంది మల్లవ్వ.

మల్లవ్వ పోయింది, మేడమూ పోయింది. హఫీజ్‌పేటలో అక్క సొంత గోడకి మేకు కొట్టుకుంది. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నన్ను నేనే ఎన్నిసార్లు క్రాస్ ఎగ్జామిన్ చేసుకున్నా మిగిలేది ఆ గొంతే.

ఇప్పుడు సంతకం పెట్టేముందు నేనూ స్థలంలో నిలబడి కేకేస్తాను. జూనియర్లు తలలు దించుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మూడోసారి పిలిచాక ఊపిరి బిగబట్టి, ఎవరైనా పలుకుతారేమోనని కాసేపు ఆగుతాను.